నీళ్ళు కలిపిన మందు

తుంగలంక ఆసుపత్రి రెండు గదుల పెంకుటిల్లు. కొల్లేటి అంచున వరద తగలని దిబ్బ చూసి కట్టారు. అది రాకముందు ఆ చుట్టుపక్కల ఏడెనిమిది లంకల వాళ్ళకి జ్వరం వచ్చినా, పాము కరిచినా, కాన్పు కష్టమైనా మనిషిని తాటిదోనెలో పడుకోబెట్టి ఏలూరు తీసుకుపోవడం ఒక్కటే దారి. గాలి కలిసివస్తే ఒక పూట. ఎదురుగాలి అయితే రోజంతా. పదేళ్ళు అర్జీలు పెట్టుకున్నాక 1926లో ఆసుపత్రి వచ్చింది. దానికి ఒక డాక్టరు, ఒక కాంపౌండరు. ఆ కాంపౌండరు పేరు సత్యానందం.

అతనిది తాడేపల్లిగూడెం దగ్గర ఒక క్రైస్తవ పేట. తండ్రి ఎజ్రా ఒక రైతు దగ్గర పాలేరు. సత్యానందం మిషన్ బడిలో థర్డ్ ఫారం దాకా చదివాడు. మిషన్ ఆసుపత్రిలో సీసాలు కడిగే పనికి చేరి, అక్కడే మందులు కలపడం నేర్చుకుని, పరీక్ష ప్యాసయ్యాడు. కొడుక్కి సర్కారు ఉద్యోగం వచ్చిందని తెలిసిన ఆదివారం ఎజ్రా గుడిలో అందరి ముందూ లేచి నిలబడి దేవుడు చేసిన మేలుకి సాక్ష్యం చెప్పబోయాడు. రెండు మాటలు చెప్పి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయాడు.

మొదట్లో తుంగలంకలో పెద్దిళ్ళ వాళ్ళు సత్యానందం కలిపిన మందు తాగడానికి వెనకాడారు. మునసబు అబ్బాయిరాజు గారైతే మందు పొడి ఒక్కటే పొట్లం కట్టించుకుని, నీళ్ళు తమ ఇంట్లో కలుపుకునేవారు. ఆ వర్షాకాలం చలిజ్వరం పట్టుకునేసరికి ఆయనా దుప్పటి కప్పుకుని అందరితోపాటు అరుగు మీద కూర్చుని అక్కడి గ్లాసుతోనే తాగారు. తరవాత ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

సత్యానందం పని శుభ్రంగా ఉండేది. మిక్చరు సీసాకి పక్కన కాగితం పట్టీ అంటించి, దాని అంచుని ఎన్ని మోతాదులైతే అన్ని గాట్లు కత్తిరించేవాడు. చదువు రాని వాళ్ళు ఒక్కో గాటు దాకా తాగితే సరిపోయేది. త్రాసు వాడేటప్పుడు ఎవరైనా మాట్లాడిస్తే పలికేవాడు కాదు. "మందు తూచేటప్పుడు మా ఆయన దేవుడు పిలిచినా పలకరండీ" అని భార్య సువర్ణ నవ్వేది.

1930లో డాక్టరు గారికి బదిలీ అయింది. కొత్తాయన నెలలో వస్తాడన్నారు. నెల తరవాత, ఆ ఉద్యోగం తాత్కాలికంగా ఖాళీగా ఉంచుతున్నామనీ, అందాకా కాంపౌండరే చూసుకోవాలనీ ఉత్తరం వచ్చింది. ప్రభుత్వానికి రాబడి తగ్గిందట. ఖర్చులు తగ్గించుకోవాలట.

ఆ రోజుల్లో రాబడి తగ్గనిది ఎవరికి! ధాన్యం ధర సగానికి పడిపోయింది. కొనేవాడు లేక బస్తాలు గాదెల్లోనే ముక్కిపోయాయి. శిస్తు మాత్రం రూపాయికి మూడణాల లెక్కన పెరిగింది. దానిమీద నీటి తీరువా, దానిమీద సెస్సు. సెస్సు దేనికండీ అని అడిగితే రోడ్లకీ, బళ్ళకీ, ఆసుపత్రులకీ అని కరణం చెప్పేవాడు. తుంగలంకకి రోడ్డు లేదు. బడిపంతులు సెలవు మీద వెళ్ళి రెండేళ్ళయింది. ఆసుపత్రి ఒక్కటే మిగిలింది.

1931లో భాద్రపదం వెళ్ళేలోగా బుడమేరు, తమ్మిలేరు రెండూ కలిసి కొల్లేట్లోకి దూకాయి. ఉప్పుటేరు పూడిపోయి ఉండటంతో లోపలి నీరు సముద్రానికి పోయే దారి లేదు. పొట్ట మీదున్న చేలు ఇరవై రోజులు నీళ్ళలో నిలబడి కుళ్ళిపోయాయి. నీరు తీశాక దోమ లేచింది. దీపావళినాటికి జ్వరం లేని ఇల్లు లేదు.

సత్యానందం క్వినైన్ కోసం ఇండెంటు రాశాడు. అడిగినదాంట్లో సగం వచ్చింది. మళ్ళీ రాశాడు. ఈసారి ఒక్క సీసా వచ్చింది. ఆ పొద్దున తలుపు తీసేసరికి అరుగు మీదా, కిందా, దోనెల్లో ఇంకా దిగకుండా, అరవై మంది దాకా ఉన్నారు. కొందరు వణుకుతూ ఒకళ్ళనొకళ్ళు ఆనుకుని కూర్చున్నారు. ఆ సీసాతో పద్ధతి ప్రకారం ఇస్తే ఇరవై మందికి వస్తుంది. మిగిలిన నలభై మందినీ పొమ్మనాలి. ఎవరిని పొమ్మనాలి?

అతను లోపలికి వెళ్ళి త్రాసు ముందు చాలాసేపు నిలబడ్డాడు. తరవాత త్రాసు పక్కన పెట్టి, ఉన్న మందుని పెద్ద జాడీలో పోసి, నీళ్ళు కలిపి, అరవై సీసాల్లోకి వంచాడు. అందరికీ కాస్త అందినా మంచిదే, రెండు వారాల్లో సరుకు వస్తే పూర్తి మోతాదు ఇవ్వచ్చు అనుకున్నాడు. రెండు వారాలకి సరుకు బదులు ఉత్తరం వచ్చింది. ఇండెంటు పరిశీలనలో ఉందట. జాడీ అడుగున మిగిలినదానికి ఇంకా నీళ్ళు కలిపాడు.

అబ్బులు అనే రైతుకి ఆ ఊళ్ళో మూడెకరాల పల్లపు చేను. ఆ చేను మునిగిపోయింది. అతని భార్య గంగాభవాని ఏడేళ్ళ కూతురు మంగతాయిని భుజాన వేసుకుని వచ్చేది. నాలుగోసారి వచ్చినప్పుడు పిల్లకి గ్లాసు పట్టించి, అడుగున మిగిలిన చుక్క తను నాకి చూసింది.

"చేదు తగ్గిందేంటండీ కాంపౌండరు గారూ?"

"కొత్త రకం మందమ్మా" అన్నాడు సత్యానందం.

ఆ అబద్ధం చెప్పాక ఆ పూట అతనికి అన్నం సయించలేదని సువర్ణకి గుర్తు. ఎందుకని ఆమె అడగలేదు. జాడీలో నీళ్ళు పోయడం ఆమె చూసింది.

మంగతాయి మార్గశిరంలో, మధ్యాహ్నం పూట, ఒళ్ళు కాలిపోతుంటే తల్లి ఒళ్ళోనే పోయింది. మూడో రోజున గంగాభవాని ఒక్కతే ఆసుపత్రికి వచ్చింది. అరుగు మీద జనం ఉన్నారు. ఆమె వాళ్ళని చూడలేదు.

"మా పిల్ల అంతకుముందేడు ఈ మందు తాగాలంటే ఇద్దరం పట్టుకోవాల్సొచ్చేదండీ. ఈ ఏడు మొహం చిట్లించకుండా తాగేసింది. పెద్దదయ్యింది, బుద్ధొచ్చింది అనుకున్నానండీ నేను. నీళ్ళు కలిపారా?"

సత్యానందం "కలిపానమ్మా" అన్నాడు.

అరుగు మీద వాళ్ళంతా తమ చేతుల్లోని సీసాల వైపు చూసుకున్నారు.

"వచ్చింది ఒక్క సీసా అమ్మా. అందరికీ..."

"మా దగ్గర శిస్తు తీసుకునేటప్పుడు నీళ్ళు కలిపింది తీసుకోరు కదండీ" అంది గంగాభవాని. గొంతు పెంచలేదు. వెనక్కి తిరిగి గట్టు దిగి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి ఆసుపత్రికి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. వారం తిరిగేసరికి రోజుకి పదిమంది, తరవాత ఐదుగురు. రిజిస్టరులో సత్యానందం ఉన్నది ఉన్నట్టే రాశాడు.

సంక్రాంతి వెళ్ళాక పన్ను వసూలు మొదలైంది. మునిగిన చేలకి శిస్తు తగ్గించి వజా ఇవ్వమని ఊరంతా వేలిముద్రలు వేసి అర్జీ పంపారు. పరిశీలించడానికి వచ్చిన ఉద్యోగి నీరు తీసేశాక వచ్చాడు. చేను ఎండి ఉంది కనక ముంపు కనబడలేదని రాసుకుపోయాడు. అబ్బాయిరాజు గారు అబ్బులు ఇంటికి జప్తుకి వెళ్ళవలసి వచ్చింది. పాడిగేదెని విప్పుతున్నంతసేపూ ఆయన తల ఎత్తలేదు.

"నా చేతిలో ఏం లేదు అబ్బులూ. నేను కట్టించకపోతే నా పని తీసేసి ఇంకోణ్ణి వేస్తారు. వాడూ ఇదే చేస్తాడు" అన్నారు.

"తీసుకెళ్ళండి బాబూ. పాలు తాగేది పోయింది కదండీ" అన్నాడు అబ్బులు.

ఆ మాట ఊరంతా పాకి సత్యానందం చెవిని కూడా పడింది. మర్నాడు పొద్దున్నే ఆసుపత్రికి తాళం వేసి, ఉన్న ఒక్క తెల్లకోటు ఉతికించుకుని, దోనె మీద ఏలూరు బయల్దేరాడు. అనుమతి లేకుండా పనిచేసే చోటు వదలడం అతని జీవితంలో అదే మొదటిసారి.

ఆసుపత్రి ఖర్చులు చూసే ఆఫీసులో అతన్ని ఒక బల్ల దగ్గర నుంచి ఇంకో బల్ల దగ్గరికి పంపారు. చివరికి అబ్దుల్ మజీద్ అనే గుమాస్తా దగ్గర ఆగాడు. ఆయన నడివయసు మనిషి. ఏలూరులో తివాచీలు నేసే కుటుంబం. ఆ పని సాగక ఈ ఉద్యోగంలోకి వచ్చాడు. సత్యానందం చెప్పింది మధ్యలో ఆపకుండా విని, బీరువాలోంచి కాగితాల కట్ట తీశాడు.

"ఇదుగోనండీ మీ ఇండెంట్లు, ఏడూ ఉన్నాయి. ఒక్కటీ పోలేదు."

"మరి మందేదండీ?"

"ఇండెంటు మీద డాక్టరు సంతకం ఉండాలి కదండీ. మీ ఆసుపత్రిలో డాక్టరు లేరు. సంతకం లేని ఇండెంటు శాంక్షను చెయ్యడానికి లేదు. మొదట రెండుసార్లు పంపింది డాక్టరు గారున్నప్పటి శాంక్షనులో మిగిలిన సరుకండి."

"డాక్టర్ని వెయ్యమనండి."

"ఖర్చు తగ్గించాలని ఆ పోస్టు ఆపారండి."

మజీద్ కట్టని మళ్ళీ తాడుతో కట్టి, గొంతు తగ్గించి అన్నాడు. "మీతో చెప్పకూడదు గానీ చెబుతానండీ. పోయిన నెల మీ కొల్లేటికి పెద్ద దొరలు బాతుల వేటకి వస్తారని, పడవల రేవు దగ్గర నుంచి గట్టుదాకా కంకర వెయ్యడానికి ఎస్టిమేటు వచ్చింది. ఆ కాగితం ఈ బల్ల మీద మూడు రోజులు కూడా లేదండి. మీదీ నా చేత్తోనే పెట్టాను, అదీ నా చేత్తోనే పెట్టాను. నాకూ పిల్లలున్నారు."

పైన ఉన్న ఆఫీసరు గారిని చూడటానికి సత్యానందం రెండు రోజులు వరండాలో కూర్చున్నాడు. ఆయన తెలుగువాడే, మర్యాదస్థుడే. కుర్చీ చూపించలేదు గానీ చెప్పమన్నాడు. సత్యానందం ఎంతమందికి జ్వరాలున్నాయో, ఎంతమంది పోయారో చెప్పాడు. నీళ్ళు కలిపిన సంగతి కూడా చెప్పాడు. ఆఫీసరు గారు రిజిస్టరు నకళ్ళు తిరగేశారు.

"నువ్వు పంపిన లెక్కలే ఇవి. కార్తీకంలో రోజుకి అరవై మంది. ఇప్పుడు ఐదుగురు. జ్వరాలు తగ్గాయనే కదా?"

"జ్వరాలు తగ్గలేదండీ. మందు లేదని రావడం మానేశారండీ."

"అది ఇందులో ఎక్కడుంది?" అన్నారాయన కోపం లేకుండానే. నిజంగానే అది రాసుకోవడానికి ఆ ఫారంలో గడి లేదు.

తిరిగి వచ్చేటప్పుడు సత్యానందం ఏలూరు పోస్టాఫీసుకి వెళ్ళాడు. అక్కడ సర్కారు వారి క్వినైన్ డబ్బులకి అమ్ముతారు. ఆసుపత్రికి లేని మందు అక్కడ అద్దాల వెనక వరసగా పేర్చి ఉంది. జేబులో ఉన్నంతా పెట్టి కొన్నాడు. తుంగలంకలో గడప గడపకీ తిరిగి ఇచ్చాడు. కొందరు తీసుకున్నారు. కొందరు "ఇందులో ఏం కలిపారండీ?" అని అడిగి తీసుకున్నారు. గంగాభవాని తలుపు తీయలేదు.

ఆ వేసవిలో ఆర్డరు వచ్చింది. రోగుల సంఖ్య తగ్గిపోయినందున, పొదుపు దృష్ట్యా, తుంగలంక ఆసుపత్రి మూసివేయడమైనది. మందుల బీరువా, బల్ల, త్రాసు ఏలూరుకి అప్పగించాలి. కట్టడాన్ని క్యాంపుకి వచ్చే ఆఫీసర్ల మకాంగా మార్చాలి. కాంపౌండరు ఉద్యోగం రద్దు. అతను ఇష్టపడితే సగం జీతం మీద అక్కడే వాచ్‌మన్‌గా ఉండవచ్చు.

"పోదాం రండి" అంది సువర్ణ. "తాడేపల్లిగూడెంలో మా అన్నయ్య ఉన్నాడు. మిల్లుల్లో పని దొరుకుతుంది. మందు ఇచ్చిన చేత్తో దొరల బూట్లు తుడుస్తారా మీరు?"

"మనం వెళ్ళిపోతే ఇది ఆసుపత్రని చెప్పడానికి కూడా ఎవడూ ఉండడే" అన్నాడు సత్యానందం. "ప్రభుత్వం మనసు మారితే మళ్ళీ తెరుస్తారు. అప్పుడు మనిషి ఇక్కడే ఉన్నాడని తెలియాలి కదా."

ఆమె వాదించలేదు. ఆయన మొహం చూసి వాదించలేకపోయానని తరవాత చెప్పుకునేది.

ఆ శీతాకాలం కంకర రోడ్డు మీద నుంచి దొరలు వచ్చారు. గదులకి సున్నం వేశారు, మంచాలు వచ్చాయి, స్నానాల గదికి కొత్త తొట్టి వచ్చింది. సత్యానందం నీళ్ళు కాచి పోశాడు. చచ్చిన బాతుల్ని దండెల మీద వేలాడదీశాడు. ఒక దొర మంచివాడిలా కనిపించేసరికి, ఇంగ్లీషులో తను రాసుకున్న అర్జీని ఫలహారం బల్ల మీద పెట్టాడు. ఆ దొర మొత్తం చదివాడు. ఇంగ్లీషు బాగుందని మెచ్చుకున్నాడు. తగిన చోటికి పంపుతానని జేబులో పెట్టుకున్నాడు. నిజంగానే పంపాడు కూడా. ఎనిమిది నెలలకి అది ఏలూరు మీదుగా తిరిగి తిరిగి, విచారించి రిపోర్టు పంపమని అబ్బాయిరాజు గారి చేతికే వచ్చింది.

"ఏం రాయమంటావు సత్యానందం?" అన్నారాయన. "మందు చాలినంత సరఫరా అవుతున్నదా అని అడిగారు. ఈ ఊళ్ళో ఆసుపత్రే లేదు కదా. లేదని రాస్తే, లేని ఆసుపత్రికి మందెందుకంటారు. ఉందని రాస్తే అబద్ధం."

"ఉన్నది రాయండి బాబూ" అన్నాడు సత్యానందం. ఆయన రాశారు. ఆ తరవాత దాని గురించి ఎవరూ వినలేదు.

ఊళ్ళో వాళ్ళే ఒక దారి చూసుకున్నారు. నూర్పిళ్ళప్పుడు ఇంటికొక చేరెడు గింజలు సత్యానందం దగ్గర పోస్తే, అవి అమ్మి అతను పోస్టాఫీసు క్వినైన్ తెచ్చేవాడు. వంటపాక చూరు కింద కూర్చుని తూకం లేకుండా మాత్రల లెక్కన ఇచ్చేవాడు. రెండేళ్ళు అలా జరిగింది. ఆ రెండేళ్ళూ తుంగలంకలో జ్వరంతో పోయినవాళ్ళు తక్కువ. రెండో ఏడు అబ్బులు కూడా చేరెడు గింజలు తెచ్చి పోశాడు. గంగాభవాని రాలేదు.

మూడో ఏడు మళ్ళీ కొల్లేరు పొంగింది. చేరెడు గింజలు కాదు గదా, విత్తనానికి కూడా మిగల్లేదు. వజా మళ్ళీ ఇవ్వలేదు. గింజలు పోయడం ఎవరూ మానమని చెప్పకుండానే ఆగిపోయింది. ఒకరినొకరు చూసుకుని సిగ్గుపడ్డారు. జ్వరాలు మాత్రం ఎప్పట్లాగే వేళకి వచ్చాయి.

1936 వేసవిలో అబ్బులు తన మూడెకరాలూ సర్కారుకి వదిలేసుకుంటూ కాగితం మీద వేలిముద్ర వేశాడు. అమ్ముదామంటే కొనేవాడు లేడు. ఉంచుకుంటే పన్ను ఆగదు. తాతలనాటి చేనుకి అతను చెయ్యగలిగింది అదొక్కటే. తాడేపల్లిగూడెంలో బియ్యం మిల్లులో మూటలు మొయ్యడానికి వెళ్ళిపోతున్నామని ఇంటింటికీ చెప్పి వచ్చాడు. సామాను దోనెలో పెడుతుండగా గంగాభవాని గట్టెక్కి మకాం దగ్గరికి వచ్చింది. సత్యానందం వాకిలి ఊడుస్తున్నాడు. చీపురు కింద పెట్టి నిలబడ్డాడు.

"ఒక్క మాట అడుగుతానండీ. నిజం చెప్పండి. ఆ రోజుల్లో మా పిల్లకి సరైన మందు పడుంటే బతికేదాండీ?"

నాలుగేళ్ళుగా ఆ ప్రశ్న అతనికి తెలుసు. దానికి వేరే జవాబులు కూడా తెలుసు. దేవుడి చిత్తం అనొచ్చు. జ్వరం ముదిరిపోయింది అనొచ్చు.

"బతికేదమ్మా" అన్నాడు.

గంగాభవాని తల ఊపింది. కళ్ళు తుడుచుకోలేదు. "అంతేనండీ. మా ఆయన రాత అంటాడు. మునసబు గారు కాలం అంటారు. నాకు తెలుసు గానీ, ఇంకొకరి నోట వినాలనిపించింది" అంది. గట్టు దిగబోతూ ఆగి, "మీరూ ఇక్కడ ఉండకండి బాబూ, పచ్చగా అయిపోయారు మనిషి" అంది.

నిజమే, అప్పటికి సత్యానందానికి ఏడాదిగా విడవని జ్వరం. ప్లీహం ఉబ్బి పొట్ట ఎడమపక్క రాయిలా తగిలేది. తన జబ్బు పేరూ మందూ రెండూ అతనికి తెలుసు. ఆ నెల జీతం ఇంకా రాలేదు.

దోనె కదిలి తుంగ మధ్యలో కనబడకుండా పోయేదాకా సువర్ణ వాకిట్లో నిలబడి చూసింది.

"ఏవండీ, మనమూ పోదామండీ" అంది.

"ఎవరైనా వస్తారేమోనే. దూరపు లంకల వాళ్ళకి ఇంకా తెలియదు, ఆసుపత్రి ఉందనుకునే వస్తున్నారు."

"వస్తే మీరేం ఇస్తారు?"

సాయంత్రానికి ఓవర్సీయరు గారు మకాంకి వస్తున్నట్టు కబురుంది. సత్యానందం చీపురు తీసుకుని మిగిలిన వాకిలి ఊడ్చి, పొయ్యి అంటించడానికి పుల్లలు ఏరుకోసాగాడు. సువర్ణ కాసేపు చూసి, బిందె తీసుకుని నీళ్ళకి రేవు వైపు నడిచింది.